అసిసీ భిక్షువు మరణశాసనము

క్రీ.శ. 1206వ సంవత్సరారంభమున ఇటలీ దేశమందలి అసిసీ పట్టణములో ఒక తండ్రి తన కుమారునిపై వ్యాజ్యము తెచ్చెను. తండ్రి పియెత్రో బెర్నర్దోనే యను బట్టల వర్తకుడు. కుమారుడు సుమారు ఇరువది నాలుగేండ్ల ఫ్రాన్సిసు. కుమారుడు దుకాణములోని మేలు బట్టలను గుఱ్ఱముపై వేసికొని దగ్గరనున్న ఫోలీన్యో అంగడికి పోయి, బట్టలతోపాటు గుఱ్ఱమును గూడ అమ్మివేసి, ఆ సొమ్మును శిథిలమైన యొక చర్చి మరమ్మతునకు ఈయబోయెనని అభియోగము. పట్టణాధికారులు పిలువనంపగా, తాను దైవసేవలో చేరినవాడగుటచే వారి యధికారము తనపై చెల్లదని అతడు జవాబు పంపెను. వ్యవహారము బిషప్పు సమక్షమునకు మాఱినది. సొమ్ము తిరిగి యిచ్చివేయుట న్యాయమని బిషప్పు చెప్పెను. ఫ్రాన్సిసు సొమ్మిచ్చుటతో ఊరకుండక, ఒంటిమీది బట్టలను గూడ విప్పి తండ్రి యెదుట పెట్టి, ఇకమీదట పరలోకమందున్న తండ్రియే తనకు తండ్రియని ప్రకటించి, జనసమూహము నడుమ దిగంబరుడై నిలిచెను. బిషప్పు తన పైవస్త్రముతో అతనిని కప్పెను. ప్రతివాది వాది కోరినదానికన్న ఎక్కువ యిచ్చివేసి వ్యాజ్యమును గెలుచుకొన్న సందర్భములు న్యాయస్థానముల చరిత్రలో మిక్కిలి అరుదు.

సెయింటు ఫ్రాన్సిసు పేరు వినగానే పక్షులకు ధర్మోపదేశము చేసిన సాధువని, తోడేలును మచ్చిక చేసిన మహాత్ముడని మన పాఠకులలో అనేకులకు స్ఫురించును. పటములలో ఆయన అట్లే కనబడును. 1939లో ఆయనను ఇటలీ దేశమునకు రక్షక సాధువుగ ప్రకటించిరి. 1979లో ప్రకృతి సంరక్షణకు పాటుపడువారికి రక్షకునిగ ప్రకటించిరి. 2013లో ఎన్నికైన పోపు ఆయన పేరునే ధరించెను. 2026 అక్టోబరు 3వ తేదీకి ఆయన గతించి ఎనిమిది వందల యేండ్లు. ఇన్ని గౌరవముల మధ్య ఆ మనుష్యుడు తన జీవితమంతయు అడిగిన యొక్క విషయము మాత్రము మఱుగున పడినదని మాకు తోచుచున్నది. అది పక్షుల విషయము కాదు, ఆస్తి విషయము. న్యాయవాదులును, ఉద్యోగులును, వైద్యులును అగు మన పాఠకులు హక్కుభుక్తముల నడుమ నిత్యము మెలగువారు గనుక, ఆ చరిత్రను ఆ వైపునుండి చెప్పుటకు సాహసించుచున్నాము.

ఫ్రాన్సిసు 1181లోనో 1182లోనో జన్మించెను. తండ్రి వ్యాపారార్థమై ఫ్రాన్సులో నుండగా తల్లి పికా శిశువునకు జొవాన్ని యని పేరు పెట్టించెను. తిరిగి వచ్చిన తండ్రి తనకు లాభములు తెచ్చిపెట్టిన దేశముమీది మక్కువచేత ఫ్రాంచెస్కో యని పిలువసాగెను. ఆ పేరే నిలిచినది. ఆ కాలమున ఇటలీ పట్టణములలో ధనము క్రొత్తగా తలయెత్తుచుండెను. అంతవఱకు భూములు, కోటలు గల ప్రభువులదే పెత్తనము. ఇప్పుడు త్రాసు పట్టినవాడును, వడ్డీకిచ్చువాడును వారి సరసన పీట వేసికొని కూర్చుండ మొదలిడిరి. 1198లో అసిసీ పౌరులు కొండమీది కోటను పడగొట్టి ప్రభువులను తఱిమివేసిరి. ఆ ప్రభువులు పొరుగున నున్న పెరూజా పట్టణమును ఆశ్రయింపగా, రెండు పట్టణములకును యుద్ధము వచ్చినది. 1202లో కొల్లెస్త్రాదా యొద్ద జరిగిన పోరులో అసిసీవారు ఓడిపోయిరి. ఫ్రాన్సిసు శత్రువులకు చిక్కి యేడాదికి దగ్గరగా చెఱలో నుండెను. విడుదలయైన పిమ్మట చాలకాలము జబ్బుపడెను. లేచిన తరువాత మరల యోధుడు కావలెనను కోరికతో 1205 ప్రాంతమున కవచము ధరించి దక్షిణ దేశపు యుద్ధమునకు బయలుదేఱి, స్పొలేతో పట్టణము దాటకుండగనే వెనుకకు మరలెను. అంతకుముందు ఊరి పడుచువాండ్ర విందులకు, పాటలకు నాయకుడతడే, వారి ఖర్చులకు పోషకుడును అతడే. కావున ఫ్రాన్సిసు ధనమును ఎఱుగక త్యజించినవాడు కాడు. ధనమేమి చేయగలదో, ఎవరిని ఎవరిపై నిలుపగలదో దుకాణపు గద్దెమీద కూర్చుండి చూచి విడిచిన వాడు.

అతని మనస్సు మాఱిన విధమును గూర్చి భక్తులు చెప్పు దర్శనములు పెక్కులు గలవు. కాని చివరి దినములలో స్వయముగా చెప్పి వ్రాయించిన మరణశాసనములో ఫ్రాన్సిసు తన మార్పునకు మొదలుగ పేర్కొన్నది కుష్ఠరోగులను. ఆ కాలమున కుష్ఠరోగికి ఊరిలో స్థానము లేదు. వారి నివాసములు ఊరికి వెలుపల వేఱుగ నుండెడివి. ఫ్రాన్సిసు వారి గుడిసెలను రెండు మైళ్ల దూరమునుండి చూచినను ముక్కు మూసికొనెడివాడట. అట్టివాడు ఒకనాడు దారిలో ఎదురైన కుష్ఠరోగిని చూచి గుఱ్ఱము దిగి, చేతిలో కాసు పెట్టి, ఆ చేతిని ముద్దాడెను. పిమ్మట వారి నడుమకే పోయి పుండ్లు కడుగుచు వారి సేవలో నుండెను. ఇందు మేము గమనించున దేమనగా, అసహ్యము చెడినచోటనే అతనికి ఆస్తిపై మమకారము గూడ చెడినది. ఇది నాది, అది నాది కాదను గీటును మనుష్యులు మొట్టమొదట గీచుకొనునది తమ దేహముల చుట్టునే గదా!

వ్యాజ్యము ముగిసిన తరువాత ఆయన రాళ్లు బిచ్చమెత్తి సాన్ దమియానో మొదలగు పాడుపడిన చర్చిలను బాగుచేసెను. వానిలో నొకటి పోర్జుంకులా, అనగా చిన్న తునుక యని యర్థము. 1208 ప్రాంతమున అచ్చట ఒక దినము, క్రీస్తు తన శిష్యులను బంగారముగాని వెండిగాని సంచిగాని రెండవ అంగీగాని లేకుండ పంపిన సువార్త ఘట్టమును విని, దానిని ఉపమానముగ గాక ఉత్తరువుగ గ్రహించెను. చెప్పులు విడిచెను. నడికట్టు తీసి త్రాడు కట్టుకొనెను. కొలది దినములలో ధనికుడగు బెర్నార్దు తన సర్వస్వమును బీదలకు పంచి ఆయనను చేరెను. 1209లో పదునొకండుగురు సోదరులతో ఫ్రాన్సిసు రోమునకు పోయి మూడవ ఇన్నొసెంటు పోపును దర్శించెను. పోపు నోటిమాటగా మాత్రము అనుమతి నిచ్చెను. ఈ జాగ్రత్తకు కారణము లేకపోలేదు. లియోన్స్ నగరపు వర్తకుడు వాల్దో యనునాతడు అంతకు ముప్పదియేండ్ల క్రిందట ఇట్లే ధనమును పంచివేసి బోధింప బూనగా, ఆతని యనుచరులను 1184లో చర్చి మతభ్రష్టులుగ బహిష్కరించియుండెను. ఇద్దఱును వర్తకులే. ఇద్దఱి సంకల్పము ఒక్కటే. ఒకరు వెలివేయబడిరి, ఒకరు పూజింపబడిరి. ఫ్రాన్సిసు పురోహితులను, వారెట్టివారైనను, ధిక్కరింపననుటయే ఈ భేదమునకు మూలము. ఆ విధేయతయే ఆయనను కాపాడినది. కడపట ఆయన కోరికను ఓడించినదియు అదియే.

ఏదియు తమది కాకుండ చూచుకొనుటకు ఆయన పడిన శ్రద్ధ వర్తకుడు లెక్కలలో పడు శ్రద్ధవంటిది. పోర్జుంకులా చర్చి సుబాసియో కొండమీది బెనెడిక్టు మఠమువారిది. వారు దానిని ఊరక యిచ్చివేయగోరినను ఫ్రాన్సిసు ఒప్పక, ఏటేట ఒక బుట్టెడు చేపలను బాడుగగా పంపసాగెను. బాడుగ నడచినంతకాలము స్వామ్యము వారిదేయని లోకమునకు తెలియును గదా. సోదరులు కాయకష్టము చేయవలెను. కూలి లభింపనిచో ఇంటింట బిచ్చమెత్తవలెను. నాణెమును మాత్రము తాకరాదు, దారిలో కనబడినను ధూళితో సమానముగ ఎంచవలెను. 1212 ప్రాంతమున అసిసీ ప్రభు కుటుంబములోని క్లారా యను కన్య ఇల్లు విడిచి ఈ మార్గమున చేరి, సాన్ దమియానోలో స్త్రీలకు ఆశ్రమము నెలకొల్పెను. ఆమె పట్టుదల గురువు పట్టుదలను మించినది. తమకు ఆస్తి నంటగట్టవలదని పోపులతో నలువదియేండ్లు పోరాడి, ఆస్తి లేకుండు హక్కును స్థిరపఱచు నియమావళికి 1253 ఆగస్టు 9వ తేదీన ఆమోదము పొంది, 11వ తేదీన కన్నుమూసెను. ఆస్తి కావలెనని పోరినవారి దస్తావేజులు లోకమున కోట్లు గలవు. వలదని పోరి సంపాదించిన దస్తావేజు ఇది.

సోదరుల సంఖ్య పెరిగినకొలది చిక్కులును పెరిగినవి. పోర్జుంకులాలో జరిగిన సోదరుల మహాసభకు మూడు వేలమంది వచ్చిరని కొందఱు, అయిదు వేలని కొందఱు వ్రాసిరి. వారికి నీడ కావలదా? ఒకమాఱు ఫ్రాన్సిసు ఊర లేని సమయమున అసిసీ పౌరసంఘమువారు సభకు వచ్చువారికొఱకు అచ్చట రాతిగోడలతో, పెంకుల కప్పుతో ఒక యిల్లు కట్టించిరి. ఆయన తిరిగి వచ్చి చూచి, కోపముతో పైకప్పునెక్కి పెంకులు పీకి క్రిందికి విసరివేయ నారంభించెను. ఆ యిల్లు సోదరులది కాదు, పౌరసంఘముది యని అచ్చటి భటులు చెప్పగా, పరుల సొత్తును పాడుచేయుటకు తనకు అధికారము లేదని దిగివచ్చెను. బొలోన్యా నగరములో సోదరుల యిల్లు అని జనులనుచున్న యొక భవనమున్నదని విని, రోగులతో సహా అందఱిని వెలుపలికి రప్పించెను. ఆ భవనము తనదని ఉగొలీనో కార్డినలు బహిరంగముగ చెప్పిన తరువాతనే వారిని లోపలికి పోనిచ్చెను. ఈ రెండు కథలను మేము కావలెననియే పక్కపక్కన చెప్పితిమి. ఫ్రాన్సిసు దృష్టిలో ఆ వాక్యము ఒక నిజమును తెలుపుచుండెను. ఆయన తరువాత వచ్చినవారి చేతిలో అదే వాక్యము ఒక ఉపాయమైనది.

1219లో ఆయన సిలువయుద్ధ సేనలు ముట్టడించియున్న ఈజిప్టు రేవు దమియెట్టాకు పోయెను. ఆగస్టు 29వ తేదీన సిలువయుద్ధవీరులు చావుదెబ్బ తినిరి. ఆ ప్రాంతముననే ఆయన ఒక సోదరుని వెంటబెట్టుకొని, ఆయుధము లేక, శత్రుశిబిరమునకు నడచి, సలాదీను సోదరపుత్రుడగు అల్ కామిల్ సుల్తానును దర్శించెను. సుల్తాను ఆదరముతో విని క్షేమముగ తిప్పి పంపెను. ఎవరి మతమును మాఱలేదు, యుద్ధమును ఆగలేదు. నవంబరులో దమియెట్టా కూలినది. కాని 1221 నాటి నియమావళిలో, ముసల్మానుల నడుమకు పోవు సోదరులు వాదులాటలకు దిగక ఎల్లరకు లోబడియుండుట యొక పద్ధతి యని వ్రాయించినది ఈ ప్రయాణము చేసివచ్చిన వాడే. సిలువయుద్ధముల శతాబ్దమున ఇట్టి వాక్యమును వ్రాయుటకు గల ధైర్యము సామాన్యము కాదు.

ఆయన తూర్పున నుండగా ఇంటికడ వ్యవహారము చేయి దాటినది. తిరిగివచ్చి 1220లో నాయకత్వమును పీటరు కతానీకి అప్పగించెను. ఆయన మరుసటి యేడే మృతినొందగా ఎలియాసు ఆ స్థానమునకు వచ్చెను. 1223 నవంబరు 29వ తేదీన మూడవ హొనోరియసు పోపు ముద్రవేసిన నియమావళి 1221 నాటి దానికన్న ఎంతయో చిన్నది, శాసనభాషలో నున్నది. నాణెమును ముట్టరాదు, ఇల్లుగాని స్థలముగాని ఏదియు తమది చేసికొనరాదు అను విధులు అందు నిలిచినవి. దారికి ఏమియు తీసికొనిపోవలదను సువార్త వాక్యము, పోర్జుంకులాలో ఆయనను మేల్కొలిపిన వాక్యము, అందు చోటు పొందలేదు. తాను స్థాపించిన సంఘములో తాను అతిథియైపోవు దుఃఖము వ్యవస్థాపకులలో పలువురికి కలుగును. ఫ్రాన్సిసు దానిని తగవు లేకుండ భరించెను. నొప్పి లేకుండ భరించెనని మాత్రము మేము చెప్పజాలము.

ఇక మిగిలిన మూడేండ్లును తనువు కృశించుటయే. 1223 క్రిస్మసునాడు గ్రెచ్చోలో పశువుల తొట్టి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు జననమును కన్నులకు కట్టించెను. 1224 సెప్టెంబరులో లా వెర్నా కొండమీద ఉపవాసములో నుండగా ఆయన చేతులయందు, పాదములయందు, ప్రక్కయందు క్రీస్తు పంచగాయములు వెలసెనని సోదరులు లోకమునకు చాటిరి. ఈజిప్టు యాత్రనుండి కన్నులు చెడిపోవుచుండెను. వైద్యులు ఎఱ్ఱగ కాల్చిన యినుముతో కణతలమీద వాతలు వేసిరి. గుణము కనబడలేదు. వెలుతురు చూడలేని ఆ స్థితిలోనే 1225 ప్రాంతమున సూర్యుని సోదరునిగ, నీటిని సోదరిగ పిలుచుచు ఒక స్తుతిగీతమును లాటినులో గాక ఉంబ్రియా జనుల వాడుకభాషలో చెప్పెను. ఇటాలియను సాహిత్యచరిత్ర వ్రాయువారు తొలి పుటలలోనే దానిని పేర్కొందురు. గుడ్డివాడు సూర్యుని కీర్తించెను. అంతకన్న ఈ గీతమును గూర్చి వ్యాఖ్యానము అనవసరము.

అవసానకాలమున 1226లో ఆయన చెప్పి వ్రాయించిన మరణశాసనము విచిత్రమైనది. పంచియిచ్చుటకు ఆస్తి లేదు గావున అందులో ఇచ్చినవి వలదనుటలే. పేదఱికమునకు తగని చర్చిలను, ఇండ్లను ఎవరు కట్టియిచ్చినను పుచ్చుకొనవలదు. ఎట్టి ప్రత్యేక హక్కుపత్రములనైనను రోమునుండి కోరవలదు. నియమావళికిగాని ఈ మాటలకుగాని వ్యాఖ్యలు వ్రాసి యర్థము మార్చవలదు. ఉన్నది ఉన్నట్లు గ్రహించి నడువవలెను. అక్టోబరు 3వ తేదీ సాయంకాలము పోర్జుంకులాలో, ఆయన కోరికపై బట్టలు తీసి వట్టినేలపై పరుండబెట్టిరి. అప్పుడు పెద్ద సోదరుడొకడు ఒక అంగీ తెచ్చి, ఇది అరువు మాత్రమే, ఎవరికిని దానము చేయుటకు అధికారము లేదని ఆజ్ఞాపించి యిచ్చెను. తన దేహముమీది బట్టయు తనది కాదని విని ఆయన సంతోషించెనట. ఇరువదియేండ్ల క్రిందట బిషప్పు కప్పిన వస్త్రము, ఇప్పుడు ఈ అరువు అంగీ. ఆ నడుమ ఆయన తనదనుకొన్నది ఏదియు లేదు. నలువది నాలుగైదేండ్ల వయస్సుననే ఆయన గతించెను.

పిమ్మట జరిగినది త్వరగా జరిగినది. బొలోన్యా భవనమును తనదని చెప్పిన ఉగొలీనో కార్డినలే తొమ్మిదవ గ్రెగొరీ పోపై, 1228 జులై 16వ తేదీన ఫ్రాన్సిసును పునీతుల పట్టికలో చేర్చి, మరునాడు ఆయన సమాధికొఱకు మహాలయమునకు శంకుస్థాపన చేసెను. కట్టించినవాడు ఎలియాసు. నిర్మాణమునకై కానుకలు వేయుటకు పెట్టిన పాలరాతి పాత్రను ఫ్రాన్సిసు ఆప్తుడగు లియో సోదరుడు పగులగొట్టి దెబ్బలు తినెనని కథ గలదు. 1230 మే 25వ తేదీన దేహమును క్రొత్త ఆలయమునకు చేర్చి, దొంగలకు, పొరుగు పట్టణములకు అందకుండ రాళ్లక్రింద దాచిరి. సెప్టెంబరు 28వ తేదీన మరణశాసనము చెల్లుబాటును గూర్చి గ్రెగొరీ పోపు తీర్పు వెలువడినది. తోడి సోదరుల సమ్మతి లేకుండ చేసినది గావునను, సమానునిపై సమానునికి అధికారము లేదు గావునను, తన తరువాతి నాయకులను ఫ్రాన్సిసు కట్టడి చేయజాలడు గావునను, ఆ శాసనము సోదరులను బంధింపదు. సోదరులు ఒంటరిగగాని ఉమ్మడిగగాని దేనికిని స్వాములు కారు, అనుభవము మాత్రము వారిది. వారి పక్షమున ధర్మమిత్రులు సొమ్ము ఉంచి ఖర్చు పెట్టవచ్చును.

న్యాయశాస్త్రదృష్టితో చూచినచో ఈ తీర్పులో తప్పెన్నుట కష్టము. నాయకత్వమును వదలుకొన్నవాని యాజ్ఞ చట్టమెట్లగును? అయినను ఇది వ్రాసినవాడు ఫ్రాన్సిసునకు పరుడు కాడు, ఆయనను ప్రేమించిన పోషకుడు. స్నేహితుని దేహమునకు మందిరము కట్టిన సంవత్సరముననే స్నేహితుని తుదిమాటను కొట్టివేసెను. రెండును భక్తితోనే చేసెనని మేము నమ్ముచున్నాము. అందువలననే ఈ చరిత్ర మమ్ము కలతపెట్టుచున్నది.

ఆ పైని శతాబ్దమంతయు అనుభవమునకు, స్వామ్యమునకు గల భేదముపై వాదము నడచినది. 1279లో మూడవ నికొలసు పోపు స్వామ్యము పోపుదనియు అనుభవము సోదరులదనియు స్థిరపఱచెను. 1318 మే 7వ తేదీన, ధాన్యపు కొట్లు, విలువైన వస్త్రములు తగవన్న నలుగురు సోదరులను మార్సేలు నగరమున సజీవముగ కాల్చిరి. 1322లో గొప్ప న్యాయవేత్తయగు ఇరువది రెండవ జాన్ పోపు ఈ ఏర్పాటునే విప్పివేసెను. తినివేసిన రొట్టెపై అనుభవమొకరిది, స్వామ్యమింకొకరిది యనుట హాస్యాస్పదమని ఆయన వాదము. కాదనుట కష్టమే! 1323లో క్రీస్తుకును శిష్యులకును ఏ ఆస్తియు లేదనువాదము మతద్రోహమని శాసించెను. 1328లో సంఘనాయకుడు మైకేలు చెజేనా, తత్త్వవేత్త ఓకం విలియము అవిన్యోను నుండి రాత్రివేళ పాఱిపోవలసివచ్చినది. బిచ్చగాండ్ర గుడ్డసంచిపై పుట్టిన ప్రశ్న చక్రవర్తులకు, పోపులకు నడుమ కలహమైనది.

సోదరులు గురువునకు ద్రోహము చేసిరని తేల్చివేయుట సులభము. మేము అట్లు చెప్పలేము. పదునొకండుగురు గడ్డివాములలో పరుండవచ్చును. వేలకొలది మనుష్యులు రోగులై, వృద్ధులై, పుస్తకములు కావలసిన విద్యార్థులై ఉన్నప్పుడు కప్పు లేనిది జరుగదు. ఆ కప్పు ఉన్నందుననే విశ్వవిద్యాలయములలో వారు బోధింపగలిగిరి, దూరదేశములకు పోగలిగిరి. ఫ్రాన్సిసు గతించిన డెబ్బదియేండ్లలోపల, చీనాకు పోవుచున్న మోంతెకొర్వీనో జాన్ అను సోదరుడు మన దక్షిణదేశమున సెయింటు తామసు పేరి మైలాపూరు ప్రాంతమున పదుమూడు మాసములు నిలిచి ఉత్తరములు వ్రాసెను. అంత దూరము నడచినవారిని ఆస్తిపరులని యెత్తిపొడుచుట మర్యాద కాదు. అయినను పెద్దవారి మాట కాలానుగుణము కాదని తోచినపుడు, చెల్లదని తీర్పు వ్రాయుట యొకటి, వారి విగ్రహమునకు పూలు వేయుట యొకటి. రెండును ఒకే చేతితో చేయునప్పుడు ఆ చేయి కొంచెము వణకవలెను.

1230లో దాచిన దేహము ఆరు శతాబ్దములు ఎవరికిని కనబడలేదు. 1818 డిసెంబరులో రాత్రులందు త్రవ్వి కనుగొనిరి. 1997 సెప్టెంబరు 26వ తేదీన భూకంపమువలన ఆ మహాలయపు కప్పు కొంత కూలి ఇద్దఱు సోదరులు, ఇద్దఱు పరిశీలకులు మరణించిరి. పోర్జుంకులా మాత్రము కొండ దిగువ మైదానమున నేటికిని ఉన్నది. సుమారు ఏడు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల ఆ రాతిగుడిని, ఆయన ప్రాణము విడిచిన గదిని లోపల నిముడ్చుకొని, 1569 మొదలు 1679 వఱకు నూటపది యేండ్లు ఒక బ్రహ్మాండమైన ఆలయమును కట్టిరి. దాని పొడవు సుమారు 126 మీటర్లు. యాత్రికులు పెద్ద గుడిలో ప్రవేశించి, చిన్న గుడికడకు నడచిపోవుదురు. పెద్ద గుడి కప్పు చాల యెత్తున నున్నది. నిచ్చెన వేసినను పెంకులు అందవు.